పసిబిడ్డకు కావలసింది జవాబు

అమెరికాలోని ఏ పెద్ద విమానాశ్రయంలోనైనా, హైదరాబాదు నుండి గల్ఫు నగరాల మీదుగా వచ్చిన ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం వద్ద తరచు నిలుచునేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. రెండేళ్ళు దాటిన ఒక పాప అమ్మమ్మ చేయి పట్టుకొని బయటికి వస్తుంది. ఎదురుగా తల్లి రెండు చేతులూ చాచి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఏడాదిన్నరగా ఆమె ఈ క్షణం కోసమే రోజులు లెక్కపెట్టుకున్నది. పాప ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసి, అమ్మమ్మ కొంగులో తల దాచుకుంటుంది. "అమ్మేనే బంగారూ, రోజూ ఫోనులో చూసే అమ్మ!" అని అమ్మమ్మ ఎంత బుజ్జగించినా కొంగు వదలదు. "ప్రయాణపు బడలిక, నిద్ర లేదు కదా అత్తయ్యగారూ" అని తండ్రి సర్దిచెబుతాడు. తల్లి కూడా నవ్వుతుంది. ఆ రాత్రి పాప అమ్మమ్మ పక్కలో నిద్రపోయిన తరువాత ఆ తల్లి కంట నీరు పెట్టుకోవడం మాత్రం ఎవరికీ కనిపించదు.

పసిబిడ్డను ఆరు నెలలకో, ఏడాదికో స్వదేశంలోని అమ్మమ్మ వద్దకో నాయనమ్మ వద్దకో పంపడం ప్రవాస తెలుగు కుటుంబాలలో ఎరిగిన విషయమే. దీనికి కారణం ప్రేమ లేకపోవడం కాదు. 1993లో అమెరికాలో చేసిన కుటుంబ, వైద్య సెలవుల చట్టం అర్హులైన ఉద్యోగులకు ఇచ్చినది 12 వారాల సెలవు మాత్రమే, అదీ జీతం లేకుండా. శిశు సంరక్షణ కేంద్రాల రుసుము చాలా ఊళ్ళలో ఇంటి అద్దెతో పోటీ పడుతుంది. పర్యాటక వీసాపై వచ్చిన పెద్దవారు సాధారణంగా ఆరు నెలలకు తిరిగి వెళ్ళవలసి ఉంటుంది. ఉద్యోగం పోతే వీసా పోతుందన్న భయం సరేసరి. ఇన్ని ఒత్తిళ్ళ మధ్య, "మా అమ్మ దగ్గరైతే నిశ్చింత" అనుకొని బిడ్డను పంపే తల్లిదండ్రులను నిందించడం న్యాయం కాదు. ఆ నిర్ణయం వలన పసిమనసులో జరిగేదేమిటో తెలుసుకొనడం మాత్రం అవసరం. అది తెలిస్తే, బిడ్డను పంపనివారు కూడా తాము ఒకే ఇంట్లో ఉంటూ ఎంత దూరంగా ఉంటున్నారో గ్రహించగలరు.

ఎవరు జవాబిస్తే వారే అమ్మ

ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో ఎందరో మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బిడ్డకు తల్లిపై మమకారం పాల వలన కలుగుతుందని నమ్మేవారు. ఆకలి తీర్చే చేతిని బిడ్డ ప్రేమిస్తుందని వారి సిద్ధాంతం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో 1958లో ప్రకటించిన ప్రయోగ ఫలితాలు ఈ నమ్మకాన్ని తలక్రిందులు చేశాయి. ఆయన రీసస్ కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లులను ఏర్పాటు చేశాడు. ఒకటి ఇనుప తీగతో అల్లినది, రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. పాలసీసా తీగబొమ్మకు కట్టినప్పుడు కూడా, పిల్లలు పాలు త్రాగినంతసేపే దాని వద్ద ఉండి, మిగిలిన కాలమంతా గుడ్డబొమ్మను కరుచుకొని గడిపాయి. భయం కలిగినప్పుడు పరుగెత్తినది కూడా గుడ్డబొమ్మ వద్దకే. కడుపు నింపినంత మాత్రాన మనసు నిండదని అవి తేల్చి చెప్పాయి.

1964లో రుడాల్ఫ్ షాఫర్, పెగీ ఎమర్సన్ గ్లాస్గో నగరానికి చెందిన 60 మంది శిశువులను పరిశీలించి ప్రకటించిన విషయం ఇంకా ఆసక్తికరమైనది. శిశువు మమకారం ఏర్పరచుకొనేది తనతో ఎక్కువ గంటలు గడిపినవారితోనే కానవసరం లేదు. తన ఏడుపుకు, తన నవ్వుకు, తన చూపుకు జవాబిచ్చేవారితో ఏర్పరచుకొంటుంది. అంతేకాక, పద్దెనిమిది నెలలు వచ్చేసరికి అధిక సంఖ్యాకులైన శిశువులకు ఒకరి కంటె ఎక్కువమందితో అటువంటి బంధం ఉన్నది. తండ్రి, తాత, అమ్మమ్మ, పెద్దక్క, అందరికీ పసిమనసులో చోటున్నది. మేరీ ఎయిన్స్‌వర్త్ ఉగాండాలోను, తరువాత బాల్టిమోరులోను చేసిన పరిశీలనలలో కూడా ఇదే ధ్వనించింది. బిడ్డ సంజ్ఞను సకాలంలో గుర్తించి, సరిగా అర్థం చేసుకొని, తగిన రీతిలో స్పందించడమే బంధానికి పునాది.

ఈ వెలుగులో చూస్తే విమానాశ్రయంలోని పాప ప్రవర్తనలో వింత ఏమీ లేదు. ఏడాదిన్నర పాటు అర్ధరాత్రి లేచి ఏడ్చినప్పుడు జవాబిచ్చినది అమ్మమ్మ. పడిపోయినప్పుడు "అయ్యో తల్లీ!" అన్నది అమ్మమ్మ. పాప తల్లిని తిరస్కరించలేదు. తనకు తెలిసిన జవాబును గట్టిగా పట్టుకున్నది, అంతే. నిజానికి ఆ కొంగు పట్టుకొనడం ఆరోగ్య లక్షణం. నమ్మకం అంటే ఏమిటో ఆ పాపకు తెలుసునని, దానిని అమ్మమ్మ నేర్పిందని అర్థం.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. పెద్దవారు ఎంత జాగ్రత్తగా పెంచినా, ఆరు నెలల ప్రాయం తరువాత తల్లిదండ్రులను విడిచి వెళ్ళిన శిశువుకు అది ఒక వియోగం. తిరిగి వచ్చాక కొద్ది నెలలకు అమ్మమ్మ స్వదేశానికి వెళ్ళిపోతే అది రెండవ వియోగం. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ లండనులో తీసిన ఒక చిత్రంలో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో తల్లికి దూరంగా ఉన్న రెండేళ్ళ పాప మనఃస్థితిని ప్రపంచం చూసింది. ఆయన, జాన్ బౌల్బీ కలిసి అటువంటి వియోగంలో మూడు దశలను గుర్తించారు: మొదట ఏడుపుతో ప్రతిఘటన, తరువాత నిరాశ, చివరకు ఎడబాటుకు అలవాటు పడినట్లు కనిపించే ఉదాసీనత. పెద్దలు పొరబడేది ఈ మూడవ దశ వద్దనే. "పాప ఏడవడం మానేసింది, సర్దుకున్నది" అని సంతోషిస్తారు. ఏడుపు ఆగడం ఎల్లప్పుడూ శాంతికి గుర్తు కాదు. జవాబు రాదని తెలుసుకున్న మౌనం కూడా కావచ్చు.

ఇంట్లోనే ఉన్న దూరం

బిడ్డను తమ వద్దనే ఉంచుకున్న తల్లిదండ్రులు ఈ మాట చదివి ఊపిరి పీల్చుకొనే ముందు మరొక ప్రయోగాన్ని గమనించవలసి ఉన్నది. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు "కదలని ముఖం" అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన ప్రయోగాన్ని ప్రకటించారు. తల్లి తన శిశువు ఎదుట కూర్చొని కొంతసేపు మామూలుగా ఆడిస్తుంది. తరువాత కొద్ది నిమిషాల పాటు, శిశువు వంకనే చూస్తూ, ముఖంలో ఏ భావమూ లేకుండా కదలక ఉండిపోతుంది. శిశువు మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేరింతలు కొడుతుంది. తల్లి ముఖం కదలదు. మరల మరల ప్రయత్నించి, చివరకు చూపు పక్కకు తిప్పుకొని, డీలాపడి కూర్చుంటుంది. తల్లి ఎక్కడికీ వెళ్ళలేదు. మూరెడు దూరంలోనే ఉన్నది. శరీరం ఉన్నది, జవాబు లేదు.

ఆనాడు ఆ కదలని ముఖాన్ని ప్రయోగశాలలో పనిగట్టుకొని సృష్టించవలసి వచ్చింది. ఈనాడు అది ప్రతి ఇంటి సోఫా మీద, భోజనాల బల్ల వద్ద, చేతిలోని ఫోను వెలుగులో కనిపిస్తున్నది. 2014లో జెన్నీ రాడెస్కీ బృందం బోస్టను పరిసరాలలోని ఫలహారశాలలలో పిల్లలతో వచ్చిన 55 మంది పెద్దలను దూరం నుండి గమనించగా, వారిలో 40 మంది భోజన సమయంలో ఫోను వంటి పరికరాలను వాడారు. వాటిలో పూర్తిగా మునిగిపోయినవారు పిల్లల మాటలకు ఆలస్యంగానో, విసుగుతోనో బదులిచ్చిన సందర్భాలను కూడా ఆ బృందం నమోదు చేసింది. సాయంత్రం ఆరు గంటలకు ఇంటికి వచ్చి, బెంగుళూరులోని సహోద్యోగుల సందేశాలకు పదిన్నర వరకు బదులిస్తూ కూర్చునే తండ్రికి ఈ దృశ్యాన్ని వివరించనక్కరలేదు.

దీనికి అర్థం తల్లిదండ్రులు ఇరవై నాలుగు గంటలూ బిడ్డ ముఖంలోకి చూస్తూ ఉండవలెనని కాదు. ట్రోనిక్ బృందమే తరువాత చేసిన పరిశీలనలలో, ఆరోగ్యవంతమైన తల్లీబిడ్డల మధ్య కూడా భావాలు సరిగా కలిసేది సుమారు 30 శాతం సమయమేనని తేలింది. మిగిలిన సమయమంతా పొరపాటు, సవరణ, మరల పొరపాటు, మరల సవరణ. బిడ్డ ఆకలితో ఏడిస్తే తల్లి నిద్ర అనుకుంటుంది. జోకొడుతుంది. ఏడుపు ఆగకపోతే తెలుసుకొని పాలు ఇస్తుంది. ఈ సవరణలోనే బిడ్డ ఒక గొప్ప పాఠం నేర్చుకొంటుంది: బంధం చెడితే బాగు చేసుకొనవచ్చును. ఆంగ్ల శిశువైద్యుడు డొనాల్డ్ విన్నికాట్ 1953లోనే, బిడ్డకు లోపమెరుగని తల్లి అవసరం లేదని, సరిపోయినంత మంచి తల్లి చాలునని ప్రతిపాదించాడు. ప్రతి విషయంలోను నూటికి నూరు మార్కులు కోరే తెలుగు మధ్యతరగతి మనస్తత్వానికి ఇంతకంటె ఊరట కలిగించే మాట లేదు.

ఉద్యోగం చేసే తల్లులకు కూడా ఇక్కడ ధైర్యం చెప్పవలసి ఉన్నది. 1991లో ప్రారంభమై, అమెరికాలోని పది ప్రాంతాలలో 1,300 మందికి పైగా పిల్లలను పుట్టుక నుండి అనుసరించిన జాతీయ అధ్యయనంలో, బిడ్డ వికాసాన్ని సంరక్షణ కేంద్రంలో గడిపిన గంటల కంటె ఎక్కువగా సూచించినవి కుటుంబ పరిస్థితులు, తల్లి స్పందించే తీరు. కావున ఉద్యోగం మానలేదన్న అపరాధ భావంతో కుమిలిపోవడం కంటె, ఇంటికి వచ్చిన తరువాతి గంటను కాపాడుకొనడం మేలు.

"ట" కు "త" కు మధ్య

ప్రవాస కుటుంబాలను ఎల్లప్పుడూ వేధించే ప్రశ్న తెలుగు. పిల్లలకు తెలుగు వస్తుందా? ఈ ప్రశ్నకు కూడా పసితనపు సాన్నిధ్యంలోనే సమాధానం ఉన్నది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగంలో, ఆంగ్లం మాట్లాడే ఇళ్ళలోని ఆరు నుండి ఎనిమిది నెలల శిశువులు హిందీలోని "ట" కు "త" కు మధ్య భేదాన్ని సులువుగా పసిగట్టారు. తెలుగులోను అదే భేదం ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు. పది నుండి పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి బాగా సన్నగిల్లింది. చెవికి అవసరం లేని భేదాన్ని మెదడు పక్కన పెట్టింది.

మరి ఆ శక్తిని నిలుపుకొనే మార్గం ఏమిటి? సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో దీనికి చక్కని సమాధానం కనుగొన్నది. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు 12 విడతలుగా, విడతకు 25 నిమిషాల చొప్పున, మాండరిన్ మాతృభాషగా గలవారు ఎదురుగా కూర్చొని ఆ భాషలో కథలు చెప్పి ఆడించారు. ఆ శిశువులు చైనా ధ్వనులను గుర్తించడం నేర్చుకున్నారు. అదే మనుషులు, అవే కథలు, అంతే సమయం దృశ్య రూపంలో తెరపై చూపినప్పుడు శిశువులు ఏమీ నేర్చుకొనలేదు. తెరపైని ముఖం ఎంత అందంగా నవ్వినా, శిశువు నవ్వుకు తిరిగి నవ్వలేదు గదా!

ఈ ఒక్క ప్రయోగం ప్రతి తెలుగు తల్లీ తండ్రీ గుర్తుంచుకొనదగినది. తెలుగు పద్యాలు, పాటలు తెరపై పెట్టి బిడ్డను కూర్చోబెడితే తెలుగు రాదు. అన్నం కలుపుతూ "ఇది పప్పు, ఇది నెయ్యి, వేడిగా ఉంది, ఊదు" అంటే వస్తుంది. అయితే తెర అంతా చెడ్డది కాదు. 2014లో సారా రోజ్‌బెరీ, క్యాథీ హర్ష్-పాసెక్, రొబెర్టా గోలిన్‌కాఫ్ ప్రకటించిన అధ్యయనంలో రెండేళ్ళు దాటిన పిల్లలు ముందుగా చిత్రీకరించిన దృశ్యం నుండి కొత్త మాటలు నేర్చుకొనలేకపోయారు. తెరపై ప్రత్యక్షంగా మాట్లాడుతూ తమకు జవాబిచ్చే వ్యక్తి వద్ద మాత్రం నేర్చుకున్నారు. పద్దెనిమిది నెలల లోపు శిశువులకు తెరలు వద్దన్న అమెరికా శిశువైద్యుల సంఘం, 2016లో ఇచ్చిన సూచనలలో బంధువులతో జరిపే ముఖాముఖి సంభాషణను మినహాయించినది. గుంటూరులోని తాతయ్య ఫోనులో "ఏదీ, నీ బొమ్మ చూపించు" అని అడిగి, బిడ్డ చూపించగానే "అబ్బో!" అంటే, అది సముద్రాలు దాటి వచ్చిన జవాబు.

బఫరు ద్రావణం చెప్పే పాఠం

ఒక లీటరు స్వచ్ఛమైన నీటిలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పలుచన చేసి తయారు చేసిన ఒక మోలార్ ద్రావణం ఒక్క మిల్లీలీటరు కలిపితే, దాని పీహెచ్ 7 నుండి 3 కు పడిపోతుంది. అంతే ఆమ్లాన్ని, అసిటిక్ ఆమ్లం, సోడియం అసిటేటు లీటరుకు 0.1 మోలు చొప్పున ఉన్న ద్రావణంలో కలిపితే పీహెచ్ మారేది నూరవ వంతు లోపే. దీనినే బఫరు ద్రావణం అంటారు. మానవ రక్తం కూడా ఇటువంటిదే. అందులోని బైకార్బొనేటు వంటి పదార్థాలు పీహెచ్‌ను 7.35 కు 7.45 కు మధ్య నిలిపి ఉంచుతాయి. బఫరు ఆమ్లం రాకుండా అడ్డుకొనలేదు. వచ్చిన ఆమ్లం విధ్వంసం చేయకుండా చూస్తుంది.

తల్లిదండ్రులు పసిబిడ్డకు చేసేది సరిగ్గా ఇదే. ఈ పోలిక వట్టి అలంకారం కాదు. భయం కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మేగన్ గన్నర్ బృందం 1996లో ప్రకటించిన అధ్యయనంలో, స్వభావరీత్యా బెదురు ఎక్కువైన పద్దెనిమిది నెలల పిల్లలకు వింత బొమ్మలను, కొత్త పరిస్థితులను ఎదుర్కొనే అవకాశం కల్పించారు. తల్లితో భద్రమైన బంధం లేని బెదురు పిల్లలలో కార్టిసాల్ పెరిగింది. భద్రమైన బంధం ఉన్న బెదురు పిల్లలలో పెరగలేదు. భయం ఇద్దరిలోను ఉన్నది. ఆ భయాన్ని ఇముడ్చుకొనే శక్తి మాత్రం బంధం నుండి వచ్చినది. శాస్త్రజ్ఞులు దీనికి "సామాజిక బఫరింగ్" అనే పేరే పెట్టారు.

బఫరు ద్రావణానికి మరొక లక్షణం ఉన్నది. అందులో రెండు భాగాలుంటాయి, ఆ రెండూ సమపాళ్ళలో ఉన్నప్పుడే దాని శక్తి అత్యధికం. పెంపకంలో ఆ రెండు భాగాలు ఆప్యాయత, కట్టుబాటు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డయానా బామ్‌రిండ్ 1960ల నుండి చేసిన పరిశోధనలలో, ఆజ్ఞాపించడమే తప్ప వినని తల్లిదండ్రుల పిల్లల కంటె, ఏదీ కాదనని తల్లిదండ్రుల పిల్లల కంటె, ప్రేమతో వింటూనే హద్దులు నిర్ణయించే తల్లిదండ్రుల పిల్లలు ఆత్మవిశ్వాసంతోను, నిగ్రహంతోను మెలగడం కనిపించింది. ఆసియా కుటుంబాలలోని క్రమశిక్షణను పాశ్చాత్య కొలమానంతో అలాగే కొలవరాదని, దానిలో శ్రద్ధ, బాధ్యత కలిసి ఉంటాయని 1994లో రూత్ చావో చైనా కుటుంబాలను ఉద్దేశించి చేసిన హెచ్చరిక తెలుగువారు కూడా ఆలోచించదగినదే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను తెలుగు పెద్దలు దండించడానికి ప్రమాణంగా చూపుతారు. కాని మొక్క స్వయంగా వంగేది ఎప్పుడు? వెలుగు ఒక పక్క నుండి వచ్చినప్పుడు ఆక్సిన్ అనే హార్మోను నీడ వైపున ఎక్కువగా చేరి, ఆ వైపు కణాలు పొడవుగా సాగి, కాండం వెలుగు వైపుకు వంగుతుంది. ఏ చేయీ దానిని వంచనక్కరలేదు. దానికి ఊతకర్ర అవసరమే. కర్ర పట్టి నిలపడానికి మాత్రమే, కొట్టడానికి కాదు.

బఫరు శక్తి కూడా తరుగుతుంది

ఎంత మంచి బఫరుకైనా ఒక పరిమితి ఉన్నది. ఆమ్లం పోస్తూనే ఉంటే ఒకనాటికి దాని శక్తి అంతరించి పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. రక్తంలో అలా జరగకుండా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు క్షణక్షణమూ సహాయపడుతూ ఉంటాయి. స్వదేశంలోని ఉమ్మడి కుటుంబంలో తల్లి అలసిపోతే అత్తగారు, ఆమె అలసిపోతే ఆడపడుచు, ఎవరూ లేకపోతే పక్కింటి పిన్నిగారు బిడ్డను ఎత్తుకొనేవారు. విదేశంలో ఆ ఊపిరితిత్తులు లేవు, ఆ మూత్రపిండాలు లేవు. ఇద్దరే ఇద్దరు. తరచు ఒక్కరే. కాబట్టి, సాయంత్రం ఏడు గంటలకు బిడ్డ మీద అరిచిన తల్లి చెడ్డ తల్లి కాదు. శక్తి తరిగిపోయిన బఫరు.

మొదటి సహాయం రావలసినది తండ్రి నుండి. ప్రసవంతోను, స్తన్యంతోను సంబంధమున్న ఆక్సిటోసిన్ అనే హార్మోను తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దానిని 1953లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో సంశ్లేషించిన విన్సెంట్ డు వీన్యోకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. దీనిని చాలాకాలం తల్లుల హార్మోనుగానే భావించారు. కాని 2010లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం ప్రకటించిన ఫలితాలలో, బిడ్డ పుట్టిన తొలి ఆరు నెలలలో తండ్రుల రక్తంలోని ఆక్సిటోసిన్ ప్రమాణం తల్లుల ప్రమాణంతో సమానంగానే ఉన్నది. ముద్దు, లాలన ఎక్కువగా చేసే తల్లులలోను, బిడ్డను ఎగరవేసి, ఆటవస్తువులు చూపి ఆడించే తండ్రులలోను అది హెచ్చుగా కనిపించింది. బిడ్డకు స్నానం చేయించడం, జోకొట్టడం తన పని కాదనుకొనే తండ్రికి ప్రకృతి ఆ మినహాయింపు ఇవ్వలేదు.

రెండవ సహాయం సమాజం నుండి రావలె. తెలుగు సంఘాలు పద్యాల పోటీలు, నాట్య ప్రదర్శనలు ఎంతో శ్రద్ధగా నిర్వహిస్తున్నాయి. అయిదేళ్ళు నిండని పిల్లలకు, వారి తల్లిదండ్రులకు మాత్రం అందులో తరచు చోటు దొరకదు. నెలకు రెండు శనివారాలు ఒక గ్రంథాలయపు గదిలో పది కుటుంబాలు పసిపిల్లలతో నేల మీద కూర్చొని తెలుగులో ఆడుకుంటే, వేదిక అక్కరలేదు, బహుమతులు అక్కరలేదు. ఇంటికి దూరంగా ఉన్న తల్లులకు పక్కింటి పిన్నిగారు దొరుకుతారు. సెలవుపై వచ్చిన తాతయ్యలకు, అమ్మమ్మలకు కూడా ఒక పని, ఒక గౌరవం లభిస్తాయి. 

ఇక బిడ్డను స్వదేశానికి పంపే విషయం. వీలైనంతవరకు ఆరు నెలల నుండి మూడేళ్ళ లోపు అటువంటి దీర్ఘ వియోగం కల్పించకపోవడమే మేలు. ఒకరి జీతంలో పెద్ద భాగం సంరక్షణ కేంద్రానికే పోయినా, ఆ రెండు మూడేళ్ళూ అప్పు చేసి గడిపినా, అది ఇల్లు కొనడం కంటె తక్కువ విలువైన పెట్టుబడి కాదు. తల్లి వైపు వారు ఆరు నెలలు, తండ్రి వైపు వారు ఆరు నెలలు వంతుల వారీగా వచ్చే ఏర్పాటు చేసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పంపక తప్పని పరిస్థితిలో మాత్రం కొన్ని జాగ్రత్తలు అవసరం. పంపేటప్పుడు తల్లిదండ్రులలో ఒకరు వెంట వెళ్ళి కొన్ని వారాలు అక్కడ ఉండి రావలె. ప్రతిదినం ఒకే వేళకు ఫోనులో కనబడి, బిడ్డ చేసే చేష్టలకు బదులు పలకవలె. పెద్దలు చెప్పించే "హలో" తో సరిపెట్టుకొనరాదు. తిరిగి వచ్చాక అమ్మమ్మ ఒక్కసారిగా వెళ్ళిపోకుండా, మొదట ఆమె సమక్షంలోనే తల్లి అన్నం పెట్టడం, తరువాత తండ్రి నిద్రపుచ్చడం, ఇలా కొంగును మెల్లగా ఒక చేతి నుండి మరొక చేతికి మార్చవలె. అమ్మమ్మ వెళ్ళిన తరువాత కూడా ఆమె తెరపై కనబడుతూనే ఉండవలె. ఆమెను మరిపించడం బిడ్డకు చేసే మేలు కాదు.

ఇప్పటికే పంపి తీసుకువచ్చినవారు నిరాశపడనక్కరలేదు. రుమేనియాలో 1989లో నియంతృత్వం కూలిన తరువాత అనాథాలయాలలోని పసివారి దుస్థితి లోకానికి తెలిసింది. ఈ శతాబ్ది ఆరంభంలో బుకారెస్టు నగరంలో అటువంటి 136 మంది పిల్లలపై ప్రారంభమైన అధ్యయనంలో, పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లల బుద్ధి వికాసం, బంధాలు ఏర్పరచుకొనే శక్తి అనాథాలయంలోనే మిగిలినవారి కంటె మెరుగైనాయి. రెండేళ్ళ లోపు చేరినవారు మరింత కోలుకున్నారు. అమ్మమ్మ ఒడికి, అనాథాలయానికి పోలికే లేదు. ఏ ఒడీ ఎరుగని పిల్లలే జవాబు దొరికినప్పుడు కోలుకొనగలిగితే, అమ్మమ్మ ప్రేమలో నమ్మకం నేర్చుకొని వచ్చిన పాపకు తల్లిని తిరిగి పొందడం అసాధ్యం ఎందుకవుతుంది?

విమానాశ్రయం నుండి వచ్చిన ఆ పాప ఇంట్లో మొదటి వారాలలో జరగవలసినది ఒక్కటే. తల్లి పాపను బలవంతంగా ఎత్తుకొనరాదు, బొమ్మలతో కొనరాదు, "నేను నీ అమ్మను" అని వాదించరాదు. పాప ఆడుకొనే చోట నేల మీద కూర్చొని, ఫోను మరొక గదిలో ఉంచి, పాప చూపు తన వైపు తిరిగినప్పుడల్లా బదులు పలకవలె. మొదట చూపు, తరువాత బంతి, తరువాత ఒక గోరుముద్ద. ఏదో ఒక రాత్రి పాప నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. ఆ రాత్రి అమ్మమ్మ లేవకుండా పడుకొని ఉండి, తల్లి లేచి వెళ్ళి, పాప ఏడుపు తగ్గేవరకు ఒడిలో ఉంచుకొనగలిగితే, ఆ కుటుంబానికి పోయిన కాలం చాలావరకు తిరిగి వచ్చినట్లే.